తొమ్మిది ఎండలు

ఖైతాన్, కువైట్
4 అక్టోబరు 2024, శుక్రవారం. ఎండ 41. గాలి లేదు. ఉదయం గోనెపట్టాలు తడిపి బాల్కనీ కమ్మీకి కట్టాను.

అక్కకి,

విషజ్వరం తర్వాత నీకు చెవులు వినబడక ఫోనులో మాట అందడం లేదు కనుక ఎప్పటిలాగే కాగితం మీద పెడుతున్నాను. ఈ ఉత్తరం మన ఊరి కేథరిన్ తెస్తుంది. ఆమెకు రెండేళ్ళకు సెలవు దొరికింది. డిసెంబరులో తిరిగి వస్తుంది.

చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. రత్నమణి పెంచిన కోకో మొక్కలు రెండూ, జాజికాయ మొక్కా చచ్చిపోయాయి.

మా స్టోరు షువైఖ్‌లో అని నీకు తెలుసు. వాళ్ళకే షుఐబాలో ఇంకో గోదాము ఉంది. సెప్టెంబరులో అక్కడ విడిభాగాల లెక్క చూడమని పదకొండు రోజులు ఉంచేశారు. నీళ్ళు పోయమని పక్క గది పుల్లయ్యకు చెప్పి వెళ్ళాను. కడప మనిషి, మాట తప్పలేదు, రోజూ పోశాడు. కానీ ఆ పదకొండు రోజుల్లోనే ఎదుటి ఫ్లాటువాళ్ళు కొత్త ఏసీ పెట్టించారు. దాని బయటి డబ్బా వేడిగాలి నేరుగా మన బాల్కనీలోకి కొడుతోంది. నేను వచ్చేసరికి ఆకులు అప్పడాల్లా ఉన్నాయి. ముట్టుకుంటే విరిగాయి.

పుల్లయ్య చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తనే, "ఏం సీమోనన్నా, మనకు లేని ఏసీ గాలి చెట్లకు పెడితిమి గదా, అవి యాడ తట్టుకుంటాయి" అని నవ్వించబోయాడు. మర్నాడు రేకు ముక్క తెచ్చి గాలి పక్కకు పోయేలా అడ్డం కట్టాడు. ఇప్పుడు వేడి రావడం లేదు. కుండీలు మాత్రం ఖాళీ.

ఈ బాల్కనీకి ఎండ పడదు. ఎదుటి భవనం నాలుగు గజాల దూరంలో ఉంటుంది. బట్టలు కూడా సరిగా ఆరవు. గది చూసిన రోజు నేను వద్దన్నాను. రత్నం ఒప్పుకోలేదు. ఆమె పనిచేసే ఇంట్లో ముసలి మామా, ఆ ఇంటి యజమానురాలు, సాయంత్రాలు టీవీలో వానలు ఆగని అడవులు చూసేదట. రత్నం కాళ్ళు పడుతూ తనూ చూసేది. "అక్కడ పెద్ద చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుందంట. మన బాల్కనీ కూడా అంతే కదా" అంది. ఆ అడవుల్లో నీడన పెరిగే జాతులే ఏరి తెచ్చింది. సెలవుకు వచ్చినప్పుడు మన పెరట్లోని తన కోకో చెట్టు కింద అప్పుడప్పుడే తలెత్తిన రెండు మొలకలు టిఫిను డబ్బాలో పెట్టి తెచ్చుకుంది. గోనెలు తడిపి కట్టడం కూడా ఆమె పెట్టిన పద్ధతే. గాలిలో తడి ఉండాలనేది.

ఆ చెట్టు గింజలు నాకు కొన్ని కావాలి. కేథరిన్ వచ్చేటప్పుడు పంపు. మళ్ళీ వేస్తాను.

నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాలు ఎలా ఉందో రాయి.

సీమోను


పొన్నలంక
1 డిసెంబరు 2024, ఆదివారం

ప్రభువు నీడలో ఉన్న నా తమ్ముడు సీమోనుకి అక్క సంజీవమ్మ ముద్దులతో రాస్తున్నాను.

మొక్కలు చచ్చిపోయాయని ఒక్క ముక్కలో రాశావు. గ్యారేజీలో బోల్టు పోయినట్టు రాశావు. పేటలో నిన్ను ఎరగని వాళ్ళైతే ఈ మనిషికి బాధ లేదనుకుంటారు. నాకు తెలుసు కదరా. నీ ఇఖామా, ఆ దేశంలో ఉండే పర్మిటు కాగితాలు ఆఫీసులో చిక్కుకుని, రత్నాన్ని మట్టిలో పెట్టిన మూడో రోజుకు వచ్చావు. సమాధి దగ్గర పది నిమిషాలు నిలబడ్డావు. ఆ చెట్టు కింద మాత్రం చీకటి పడేదాకా కూర్చున్నావు. అన్నానికి పిలవడానికి వచ్చి, నీ వీపు చూసి వెనక్కి వెళ్ళిపోయాను. అది నీకు తెలియదు.

చెట్టు బాగుంది. రత్నం కువైట్ వెళ్ళకముందు, నిన్ను చేసుకుని మనింటికి కాపరానికి వచ్చిన కొత్తలో, కాయ పగలగొట్టి తీపి గుజ్జు చప్పరిస్తూ గింజలు పెరట్లోకి ఊసేది. "పెద్దదానివి, చిన్నపిల్లలా ఏంటే ఆ ఊయడం" అని తిట్టేదాన్ని. ఆ ఊసిన గింజే ఇంత చెట్టయింది.

ఇక గింజల సంగతి. ఆరు కాయలు దింపాను. గుజ్జు వదిలేలా అరిటాకుల్లో మాగబెట్టాను. తర్వాత డాబా మీద తొమ్మిది ఎండలు పెట్టాను. తోటల్లో ఇరవై ఏళ్ళు కంపెనీ కాటాకి గింజలు ఎండబెట్టిన చేతులివి. మధ్యలో అల్పపీడనం వచ్చి తుంపర పడింది. మోకాలు పట్టుకుని రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి చాప లోపలికి లాగాను. కాకులకు కర్ర పట్టుకుని కూర్చున్నాను. గల్ఫుకి పంపే సరుకులో చెమ్మ ఉంటే బూజు పడుతుందని నాకు తెలియదా? కొరికి చూశాను. పటుక్కుమంది. కాటా దగ్గర ఇలాంటి గింజకు వంక పెట్టేవాడు లేడు. అందులో ముప్పై మేలైనవి ఏరి, రత్నం జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి కేథరిన్‌కి ఇచ్చాను. నేనూ నాలుగు ఇక్కడ కుండలో వేసి చూస్తాను.

ఎన్ని మొలిచాయో లెక్క రాయి. నువ్వు రోజూ పుస్తకం రాసే మనిషివి. నీ కాగితం మీద ఉన్నదంటే నేను కళ్ళతో చూసినట్టే.

పెరటి వెనక మురుగు డ్రైను వెడల్పు చేస్తారట. ఎవరో వచ్చి గొలుసుతో కొలుచుకుని వెళ్ళారు. ఏమంటారో చూడాలి. గేదె పూటకు మూడు లీటర్లు ఇస్తోంది. దాని పుణ్యమే నా బతుకు.

నీ అక్క సంజీవమ్మ


ఖైతాన్
10 జనవరి 2025, శుక్రవారం. చలి 9. రాత్రి చినుకులు. కుండీలు గదిలోకి తెచ్చి కిటికీ పక్కన పెట్టాను.

అక్కకి,

కేథరిన్ సంచి ఇచ్చింది. గింజలు ముప్పై, సరిగ్గా ఉన్నాయి. పచ్చడి కూడా అందింది. పుల్లయ్య సగం తినేసి, మీ అక్కను కువైట్ పిలిపిద్దామంటున్నాడు.

గింజలు డిసెంబరు 13న వేశాను. ఐదు మొలిచాయి. ఒకదానికి రెండు ఆకులు వచ్చాయి. లేత ఆకు రాగి రంగులో ఉండి, కిందికి వేలాడుతోంది. మిగిలిన నాలుగు ఇంకా వంగి ఉన్నాయి, గింజ తొక్క తలమీద టోపీలా ఉంది. నువ్వు పడ్డ శ్రమ వృథా పోలేదు. మళ్ళీ డాబా ఎక్కకు. మోకాలికి నూనె రాయించుకో.

డ్రైను సంగతి నీకు తోచినట్టు చెయ్యి. గేదెను జాగ్రత్తగా చూసుకో.

సీమోను


అదే రోజు

అక్కా, ఇది పంపేది కాదు. లెక్కల పుస్తకం చివరి పేజీలో రాస్తున్నాను.

ఒక్కటీ మొలవలేదు. ఇవాళ్టికి ఇరవై తొమ్మిది రోజులు. నిన్న సాయంత్రం తవ్వి చూశాను. ముప్పైకి ముప్పై ఉబ్బి మెత్తబడ్డాయి. వేళ్ళ మధ్య పెడితే పేస్టులా జారాయి. చలికి పోయాయో, నా చేతిలో పోయాయో తెలియదు.

నీ తొమ్మిది ఎండలు, మెట్లు, కాకులు చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. రాగి రంగు ఆకు, టోపీ మాట 2013 పుస్తకంలోవి. రత్నం మొలకల గురించి అప్పుడు రోజూ రాసుకున్నాను. ఆ పేజీ ముందు పెట్టుకుని చూసి దించాను.

పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్న పుస్తకంలో లేనిది ఉన్నట్టు ఎప్పుడూ రాయలేదు. ఇందులో ఇవాళ "మొలకలు: 0" అనే రాశాను. నీకు వెళ్ళే కాగితంలోనే ఐదు. చెట్టు అక్కడ ఉంది కదా. వచ్చే సెలవుకు వచ్చి నా చేత్తో గింజలు తెచ్చుకుంటాను, అప్పుడు ఐదూ నిజమవుతాయి అనుకున్నాను.


పొన్నలంక
1 మార్చి 2025, శనివారం

ఎడారిలో అడవి పెంచుతున్న నా తమ్ముడికి, అక్క సంజీవమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో. ఐదు! ఆ రాగి రంగు ఆకు మాట నాలుగుసార్లు చదివాను. మా పాస్టరమ్మకి కూడా చదివి వినిపించాను. నేను వేసిన నాలుగూ ఇక్కడ రాలేదు. కోడి కెలికేసి ఉంటుందని వదిలేశాను. నీ చెయ్యి మంచిదిరా.

ఇప్పుడొక మాట చెబుతాను. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. డ్రైనువాళ్ళు జనవరిలో ఎర్రరంగుతో గీత వేసి వెళ్ళారు. ఆ గీత లోపలికి రత్నం చెట్టు వచ్చింది. నేను వాళ్ళ కాళ్ళమీద పడ్డంత పని చేశాను. ఆ మేస్త్రీ, "గీత రెండు గజాలు ఇటు జరపొచ్చు గానండి, అప్పుడు మీ గేదెల పాక పోద్దండి. పాకా, చెట్టా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. వినబడక పలక మీద రాయించుకున్నాను. పాకే తీసెయ్యండి అన్నాను. గేదెకు బేరం కూడా చూశాను. అది పోతే నేను ఏం చేసుకు బతుకుతానో ఆలోచించలేదు. చెట్టు పోతే నీ ముఖం ఎలా చూడను అన్నదే ఆలోచించాను.

అంతలో నీ ఉత్తరం వచ్చింది. ప్రభువే పంపాడనుకున్నాను. రత్నం చెట్టు పిల్లలు ఐదు నీ దగ్గర, నీ కళ్ళ ముందు ఉన్నాయి. ఇక ముసలి తల్లి చెట్టు కోసం పాలిచ్చే గేదెను అమ్ముకోవడం ఎందుకు? నీకు తోచినట్టు చెయ్యమని నువ్వే రాశావు కూడా. వెళ్ళి, చెట్టే తీసుకోండి అని చెప్పాను.

నిన్న పొద్దున పొక్లెయిను వచ్చింది. వేళ్ళతో సహా లేపేసింది. నేను లోపలే ఉన్నాను. నాకు చప్పుడు వినబడదు గాని, గచ్చు అదురుతుంటే కాళ్ళకు తెలిసింది. అయినా గుండె నిబ్బరంగానే ఉంది, నీ ఐదు మొలకల వల్ల.

3 మార్చి, సోమవారం

సీమోనూ, ఉత్తరం మడిచి పెట్టాక మళ్ళీ విప్పాను.

పొయ్యిలోకి కొమ్మలు తీసుకెళ్ళడానికి ఇవాళ సూరాయమ్మ వచ్చింది. నాతోపాటు కోకో తోటల్లో పనిచేసిన మనిషే, కొన్నాళ్ళు కంపెనీ నర్సరీలో కూడా చేసింది. తొమ్మిది ఎండలు పెట్టి పంపిన గింజలు కువైట్‌లో మొలిచాయని గొప్పగా చెప్పాను. నా మొహం వంక చూసి, నాకు అర్థమయ్యేలా పెదాలు కదుపుతూ, "నీకేమన్నా మతి పోయిందేటే? ఎండినాక కోకో గింజ మొలుత్తాదా? అది చచ్చిన గింజ. నర్సరీలో కాయ కొట్టిన రోజే, జిగురు ఆరకుండా పాతేత్తాం" అంది.

నేను కాదన్నాను. ఉత్తరం తెచ్చి చూపించాను. దానికి చదువు రాదు. తల ఊపి, కొమ్మలు కట్టుకుంటూ, "అయితే మీ తమ్ముడు మంచోడే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. రత్నం గింజలు ఎండబెట్టలేదు. నోట్లోంచి ఊసింది. ఇరవై ఏళ్ళు కాటాకి ఎండబెట్టాను గాని, ఒక్కరోజూ విత్తనం పాతలేదురా. మొక్కలు కంపెనీవాళ్ళే సంచుల్లో తెచ్చేవాళ్ళు.

నీ మీద కోపం రాలేదని రాయను. వచ్చింది. కొమ్మల దగ్గరే కూలబడి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. సూరాయమ్మ బెదిరిపోయింది. గింజల్ని చంపింది నేను. నేను నొచ్చుకుంటానని కప్పింది నువ్వు. ఆ కప్పిన మాట పట్టుకుని చెట్టు ఇచ్చేసింది మళ్ళీ నేను. ఎక్కడ మొదలుపెట్టి ఎవరిని తిట్టాలి?

పడిన కొమ్మలన్నీ వెతికాం. మూడు కాయలు దొరికాయి. రెండు పచ్చివి, పనికిరావు అంది. ఒకటి పండింది, పసుపు తిరిగింది. పగలగొట్టకుండా అలాగే పంపుతున్నాను. కేథరిన్ తమ్ముడు సైమన్‌కి వీసా వచ్చింది, ఎల్లుండి విమానం. కాయలో ఉన్నంతసేపు గింజ బతికే ఉంటుందట, రెండు వారాల దాకా. అందిన రోజే పగలగొట్టి పాతు. దీని తర్వాత ఇంకొకటి లేదు.

ఇకమీద నా కోసం మంచి మాట రాయకు. చచ్చిందంటే చచ్చిందనే రాయి.

అక్క


ఖైతాన్
14 మార్చి 2025, శుక్రవారం. ఎండ 27. తూర్పుగాలి, కొంచెం తేమ ఉంది. కుండీల మట్టి మార్చాను.

అక్కకి,

నీ ఉత్తరమూ కాయా నిన్న సాయంత్రం అందాయి. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఐదు మొలిచాయని రాసింది అబద్ధం. ఒక్కటీ మొలవలేదు. ఆకు రంగు రత్నం పాత మొక్కలది. నీకు తోచినట్టు చెయ్యమని రాసిన చెయ్యి కూడా నాదే. దీనికి మించి ఏం రాయాలో నాకు తెలియదు.

కాయ సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. సైమన్ 6వ తేదీనే దిగాడు. కొత్తవాడు, వాళ్ళ కంపెనీ క్యాంపు నుంచి బయటికి రానివ్వలేదు. నిన్న రంజాను వేళలని రెండింటికే పని ఖలాస్ అయి, బస్సు ఎక్కి వచ్చాడు. కాయ చేతిలో పెడితే చల్లగా తగిలింది.

"ఎక్కడ పెట్టావు బాబూ?" అన్నాను.

"పాడైపోద్దేమోనని ఫ్రిజ్జులో పెట్టానండి బాబాయ్. మా రూములో వాళ్ళెవరూ ముట్టకుండా పైన మీ పేరు కూడా రాశానండి" అన్నాడు.

నిజంగానే రాశాడు. ఏడు రోజులు ఫ్రిజ్జులో ఉంది. మామా ఇంట్లో పాత జాజికాయ మొక్క ఒకటి చలికి పోయిందని, ఈ అడవి జాతులకు చలి పడదని రత్నం చెప్పిన మాట నాకు గుర్తుంది. అతనితో మంచి పని చేశావన్నాను. అన్నం పెట్టి పంపాను. నీకు మాత్రం అది మంచి పని అని రాయడం లేదు.

కాయ నిన్ననే పగలగొట్టాను. గింజలు 34. గుజ్జు తెల్లగానే ఉంది, వాసన రాలేదు. ఒక గింజ నోట్లో పెట్టుకుని చప్పరించాను. తియ్యగా ఉంది. దాన్ని ఊసి మొదటి కుండీలో పెట్టాను. నాలుగు కుండీలకు ఎనిమిదేసి ముప్పై రెండు. మిగిలిన రెండు రత్నం టిఫిను డబ్బాలో వేశాను.

ఈ ఉత్తరం ఇప్పుడు పంపను. రోజూ ఇందులోనే రాస్తాను. తేలిన రోజున పంపుతాను.

18 మార్చి. ఆరో రోజు. దుమ్ము, ఎదుటి భవనం కనిపించలేదు. గోనెలు రెండుసార్లు తడిపాను. నీళ్ళు పోశాను. ఏమీ లేదు.

22 మార్చి. పదో రోజు. ఎండ 31. నీళ్ళు పోశాను. ఏమీ లేదు. పుల్లయ్య రోజూ వచ్చి వంగి చూస్తున్నాడు. "రాకుంటే రాలేదని రాయన్నా. మీ యక్క ఈడికొచ్చి కొడతాదా యేంది?" అన్నాడు. తర్వాత కాసేపు తనే కుండీల దగ్గర కూర్చున్నాడు.

25 మార్చి. పదమూడో రోజు. నీళ్ళు పోశాను. డబ్బాలోని రెండింటిలో ఒకటి తీసి చాకుతో కోశాను. లోపల సగం ఊదారంగు, సగం గోధుమరంగు. ఇది బతికినదో చచ్చినదో నాకు తెలియలేదు. తీయకుండా ఉండవలసింది. ఇక 33.

30 మార్చి. పద్దెనిమిదో రోజు. రంజాను పండగ సెలవు. నీళ్ళు పోశాను. ఏమీ లేదు. పనిలేక 2013 పుస్తకం తీశాను. అందులో రత్నం మాట ఒకటి రాసి ఉంది: మూడు వారాలు దాటితే ఇక చూడొద్దు అని. ఆ మాట ఎందుకు రాసుకున్నానో గుర్తులేదు. ఆమె చెప్పిన రోజు వాన పడిందని మాత్రం ఉంది.

2 ఏప్రిల్. ఇరవై ఒకటో రోజు. ఎండ 33. నీళ్ళు పోశాను. ఏమీ లేదు. నువ్వు చెప్పినట్టు ఉన్నమాటే రాస్తున్నాను అక్కా. ఈ మాట రాయడం నేననుకున్నంత కష్టంగా లేదు. జనవరిలోనే రాసి ఉండవలసింది.

4 ఏప్రిల్, శుక్రవారం. ఇరవై మూడో రోజు. ఎండ 34. తెల్లవారాక గాలి ఆగింది. ఉత్తరం ఇవాళ మూసేసి, ఊరెళ్ళేవాళ్ళ చేత పంపమని కేథరిన్‌కి ఇద్దామని కవరు తీసి పెట్టాను. ప్రార్థనకు వెళ్ళే ముందు గోనెలు తడిపి కట్టాను. మూడు వారాలు దాటాయి, అయినా చెంబు నింపుకుని బాల్కనీ తలుపు తీశాను. మొదటి కుండీకి పోశాను. రెండో కుండీకి పోశాను. మూడో కుండీకి పొయ్యబోతూ చెంబు కింద పెట్టాను. మట్టి ఒకచోట పైకి ఉబ్బి పగిలి ఉంది.